ఫోటోలకి మార్కెట్ ఒక్క డీలరు తయారుచేశాడంటే నమ్మొచ్చా? నాన్నగారి నెగటివ్‌లు అడుగుతున్నారు, సలహా కావాలి

గుణుపురం స్టూడియో:

అందరికీ నమస్కారం. మాది గుణుపురం, ఒడిశాలో రాయగడ జిల్లా. నాన్నగారు పెట్టిన ఫోటో స్టూడియో ఇప్పుడు నేను చూస్తున్నాను. చూడ్డమంటే పాస్‌పోర్ట్ సైజు ఫోటోలు, పెళ్లిళ్లు, బారసాలలు, ఈమధ్య డ్రోన్. నాన్నగారిది వేరే లోకం. బ్రోమైడ్ పేపరు, హైపో వాసన, ఎర్ర బల్బు. గిరాకీ లేని రోజు షట్టరు దించేసి కెమెరా భుజానేసుకుని ఎటో వెళ్లిపోయేవారు, అమ్మ తిడుతూ ఉండేది. అలా తీసినవే నౌపడ–గుణుపురం చిన్న రైలు ఫోటోలు (ఆ నేరోగేజ్ బండి 2004లో ఆగిపోయింది కదా, అంతకు ముందువి), పర్లాకిమిడి స్టేషను, వంశధార వరదలు, చటికోన బుధవారం సంత. అన్నీ నలుపు తెలుపే. ఎవరూ డబ్బిచ్చి తీయించుకున్నవి కావు. ఆయన పోయాక అట్టపెట్టెల్లో పెట్టి అటక మీద పడేశాం, ఒకటి రెండు మాత్రం షాపు గోడకి ఉన్నాయి.

మొన్నామధ్య తెలిసినవాళ్ల ద్వారా ఒక పెద్దమనిషి వచ్చాడు. పాత ఫోటోలు కొని అమ్ముతాడట. గోడ మీద రైలు ఫోటో చూసి, పెట్టెలు దింపించి, చివరికి ప్రింట్లూ నెగటివ్‌లూ కలిపి లాటుగా ఇచ్చేయండి, రేటు మీరే చెప్పండి అన్నాడు. నేను ఏం చెప్పాలో తెలీక చూస్తూ ఉంటే, అమెరికాలో హ్యారీ లన్ అని ఒక్క డీలరు ఫోటోలకి మార్కెట్ పుట్టించాడు, మన వైపు అలాంటివాడు లేడు కాబట్టే మీ నాన్నగారి పని అటకెక్కింది అన్నాడు. ఆ మాట బుర్రలోంచి పోవట్లేదు.

నా డౌట్లు ఏమిటంటే, ఈ లన్ ఎవరు, నిజంగా ఒక్కడే చేశాడా? పెయింటింగ్ అయితే ఒకటే ఉంటుంది, ఫోటో అలా కాదు, నెగటివ్ ఉంటే వంద తీయొచ్చు, మరి దానికి లక్షలు ఎవడిస్తాడు, ఎందుకిస్తాడు? అన్నిటికన్నా ముఖ్యం, నెగటివ్‌లు ఇచ్చేయొచ్చా? ఈ గ్రూపులో బొమ్మల సంగతి తెలిసినవాళ్లు ఉన్నారని ఇక్కడ అడుగుతున్నా. డబ్బు అవసరం లేదని మాత్రం అనను.

పర్లాకిమిడి డ్రాయింగ్ మాస్టారు:

బాబూ, ముందు ఒక్క మాట. ఇది చదివేలోగా ఆయన మళ్లీ వస్తే ఏదీ ఇవ్వకు, అడ్వాన్సు కూడా తీసుకోకు. మీ నాన్నగారు స్టేషను ప్లాట్‌ఫారం చివర నిలబడి బండి కోసం కాచుకుని ఉండటం నేను చూశాను, ఆ ఫోటోలు ఉన్నాయని తెలిసి సంతోషమేసింది.

లన్ గురించి మీ పెద్దమనిషి చెప్పింది పూర్తిగా అబద్ధం కాదు. మనిషి చరిత్రే విచిత్రం. మొదట్లో అతను బొమ్మల వ్యాపారి కాడు. సీఐఏ డబ్బుతో రహస్యంగా నడిచే ఒక యువజన, విద్యార్థి సంస్థలో పనిచేసేవాడు, 1967లో ఆ గుట్టు పత్రికల్లో బయటపడేసరికి ఆ దారి మూసుకుపోయింది. అప్పుడు వాషింగ్టన్‌లో ఎచింగులు, లిథోగ్రాఫులు, అంటే రేకు మీదో రాతి మీదో గీసి అచ్చు తీసే బొమ్మలు అమ్మడం మొదలుపెట్టాడు. ఇక్కడ ఒక సంగతి గుర్తుపెట్టుకో. ఎచింగు కూడా ఒకే రాగిరేకు మీంచి ఎన్నో తీసేదే. పలక ఒకటి, ప్రతులు చాలా, అయినా లెక్క కట్టి, సంతకం పెట్టి, మంచి ప్రతికి ఒక ధర, అరిగిన పలక మీంచి తీసిన దానికి ఒక ధర అని అమ్మే పద్ధతి యూరప్‌లో ఎప్పట్నుంచో ఉంది. లన్ ఆ పద్ధతిని అలాగే తెచ్చి ఫోటోకి తగిలించాడు. అతని తెలివంతా అక్కడుందని నా అభిప్రాయం.

1971లో యాన్సెల్ ఆడమ్స్ అనే అమెరికన్ ఫోటోగ్రాఫర్ ఫోటోలు ప్రదర్శనకి పెట్టాడు. అందులో 'మూన్‌రైజ్, హెర్నాండెజ్' అనే ఫోటో ఉంది. 1941 నవంబరులో న్యూ మెక్సికోలో సాయంత్రం దారిన పోతూ కారాపి తీసింది, చిన్న ఊరు, శ్మశానంలో తెల్లటి శిలువలు, పైన చందమామ. వెలుగు కొలిచే ఎక్స్‌పోజర్ మీటరు దొరక్కపోతే చంద్రుడి వెలుగెంతో తనకి గుర్తున్న లెక్కతో కొట్టేశాడు, రెండో ఫ్రేము తీసేలోగా శిలువల మీద ఎండ పోయింది. లన్ దాన్ని 150 డాలర్లకి అమ్మాడు. అవి జనం కొనడం చూసి అతనికే ఆశ్చర్యమేసి ఉంటుంది, ఎందుకంటే ఆ తరవాత ఫోటోల మీదే పడ్డాడు. పదేళ్లు తిరిగేసరికి, 1981లో, అదే ఫోటో గోడంత సైజు ప్రింటు ఒకటి 71,500 డాలర్లు పలికింది. 2006లో సోథ్‌బీస్ వేలంలో 1948 నాటి ప్రింటు 6 లక్షల డాలర్లు దాటింది.

మధ్యలో ఏం జరిగింది అంటే, 1975 ఆఖరు తరవాత ఇక కొత్త ఆర్డర్లు తీసుకోనని ఆడమ్స్ ప్రకటించాడు. ఆ గడువులోపు డీలర్లు ఎగబడ్డారు, లన్ ఒక్కడే వెయ్యికి పైగా ప్రింట్లకి ఆర్డరు పెట్టాడు. డబ్బు తనదే పెట్టి, అమ్ముడవుతాయో లేదో తెలీకుండా. ఆ ఆర్డర్లు తీర్చడానికి ముసలాయన డార్క్‌రూమ్‌లో ఏళ్ల తరబడి నిలబడ్డాడు.

ఇక నీ రెండో డౌటు, వంద తీయొచ్చు కదా అన్నది. నువ్వు స్టూడియోవాడివి, నీకే తెలియాలి. ఒకే నెగటివ్ అయినా ఈ రోజు కడిగిన ప్రింటూ పదేళ్ల తరవాత కడిగిన ప్రింటూ ఒకటి కావు. మూన్‌రైజ్ తొలి ప్రింట్లలో ఆకాశంలో మబ్బులు కనిపిస్తాయి, తరవాతి వాటిలో ఆకాశాన్ని నల్లగా దింపేశాడు. 1948లో నెగటివ్ కింది భాగానికి మందు పెట్టి ముదురు చేశాడు కూడా. అందుకే ఫోటో తీసిన రోజుల్లోనే తీసినవాడే కడిగిన ప్రింటుకి 'వింటేజ్' అని పేరుపెట్టి ఎక్కువ ధర కడతారు. అలాంటివి పెరగవు. మీ నాన్నగారి చేత్తో కడిగిన బ్రోమైడ్ ప్రింట్లు కూడా ఇక పెరగవు. ఆయన వెనకాల పెన్సిలుతో ఏమైనా రాశారేమో చూడు, తేదీ గానీ ఊరు గానీ. రాసి ఉంటే అది బంగారం.

జయపురం నుంచి:

మాస్టారూ, మీరు చెప్పింది చదివాక నాకు మెచ్చుకోలు కన్నా అనుమానమే ఎక్కువైంది. మా కొరాపుట్ వైపు చింతపండు షావుకార్లు చేసేది ఇదే కదండీ. సంతలో అయినకాడికి కొని, కోల్డ్ స్టోరేజీలో పెట్టి, ఎవరి దగ్గరా సరుకు లేనప్పుడు బయటికి తీస్తారు. చెట్టెక్కి దులిపినవాడికి ఆ పెరిగిన రేటులో ఒక్క పైసా రాదు. దీనికి మార్కెట్ నిర్మాణం అని పెద్ద పేరు అవసరమా?

ఇంకోటి, లన్ ఒక్కడే అన్నది నేను ఒప్పుకోను. ముందే చాలామంది చేతులు కాల్చుకున్నారు. న్యూయార్క్‌లో జూలియన్ లెవీ అని ఒకాయన 1931లో గ్యాలరీ తెరిచి ఫోటోలతోనే మొదలుపెట్టాడు. ఆ రోజుల్లో మాంద్యం, ఫోటో కొనేవాడు లేడు, పది పదిహేను డాలర్లకి కూడా. చేసేది లేక డాలీ లాంటి సర్రియలిస్టుల (కలల్లాంటి వింత బొమ్మలేసేవాళ్ల) పెయింటింగుల వైపు తిరిగి బతికి బట్టకట్టాడు. ఆ తరవాత హెలెన్ గీ అని ఒకావిడ 1954లో న్యూయార్క్‌లోనే గ్రీనిచ్ విలేజ్‌లో 'లైమ్‌లైట్' అని కాఫీహోటలు పెట్టి దాంట్లోనే ఫోటో గ్యాలరీ నడిపింది. కాఫీ మీద వచ్చిన డబ్బులే ఫోటోల్ని పోషించాయి, ఏడేళ్లు లాక్కొచ్చి 1961లో మూసేసింది. ఎడ్వర్డ్ వెస్టన్ లాంటి పేరున్న ఫోటోగ్రాఫర్ల ప్రింట్లు ఆ గోడలకి ఉండేవి, జనం చూసి కాఫీ తాగి వెళ్లిపోయేవారు. లీ విట్కిన్ అనే ఆయన 1969లో పెట్టిన ఫోటో గ్యాలరీ మాత్రం నిలబడింది. అంటే లన్ వచ్చేసరికే నేల దున్ని ఉంది. చరిత్ర రాసేవాళ్లు ఎక్కువ డబ్బు చేసుకున్నవాడి పేరే పెద్దక్షరాల్లో రాస్తారు, అంతే.

గుణుపురం అన్నకి నా సలహా ఒకటే. ఆ వచ్చినాయన తనే మన లన్ అనుకుంటున్నాడు. జాగ్రత్త.

పర్లాకిమిడి డ్రాయింగ్ మాస్టారు:

జయపురం బాబు చెప్పిన పేర్లన్నీ నిజం, ఆ హెలెన్ గీ సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ జాలే. కానీ లెవీకి, గీకి, లన్‌కి ఒక తేడా ఉంది. ఆ ఇద్దరూ గోడకి తగిలించి కొనేవాడి కోసం ఎదురుచూశారు. లన్ కొనేవాళ్లని తయారుచేశాడు, అందులోనూ ముఖ్యంగా అమ్మేవాళ్లని తయారుచేశాడు. తన దగ్గరున్న సరుకు వేరే ఊళ్లలో గ్యాలరీలకి ఇచ్చి, మీరూ అమ్మండి అన్నాడు. ఒక ఊళ్లో ఒక్క దుకాణమే ఉంటే అది మార్కెట్ కాదు, ధర ఎంతో ఎవరికీ తెలీదు. అమెరికాలో, యూరప్‌లో పది చోట్ల అదే ఫోటోగ్రాఫర్ ప్రింటు దొరికి, వేలంలో కూడా పలికితే అప్పుడు కొనేవాడికి ధైర్యం వస్తుంది, రేపు అమ్ముకోవాలంటే అమ్ముకోగలను అని. సరిగ్గా అదే సమయానికి లండన్‌లో సోథ్‌బీస్ వాళ్లు కూడా 1971లో ఫోటోల వేలాలు మొదలుపెట్టారు. ఫోటో డీలర్లంతా కలిసి 1979లో అమెరికాలో సంఘం పెట్టుకున్నారు. 1984లో అమెరికాలోని గెట్టీ మ్యూజియం అనేక పెద్ద సేకరణలు ఒక్క దెబ్బకి కొనేసింది, ఆ బేరాలు గుట్టుగా కుదిర్చింది కూడా డేనియల్ వుల్ఫ్ అనే న్యూయార్క్ డీలరే. అందులో శామ్ వాగ్‌స్టాఫ్ సేకరణ ఒకటి, అతను ఫోటోలు కొనడం మొదలుపెట్టింది 70లలోనే, పదేళ్లలో వేలకొద్దీ పోగేశాడు. అంటే ఒక తరం తిరక్కుండానే కాఫీహోటలు గోడ మీంచి మ్యూజియం ఖజానాకి చేరింది.

చింతపండు పోలిక మాత్రం నాకూ గుచ్చుకుంది, ఎందుకంటే దాంట్లో సగం నిజం. ఆడమ్స్ విషయంలో కాదు. ఆయనకి ఆ పదేళ్లలోనే నిజమైన డబ్బు కళ్లజూసే యోగం పట్టింది, ఎందుకంటే కడిగేది తనే, ఎప్పుడు ఆపాలో చెప్పిందీ తనే. వాకర్ ఎవాన్స్‌ది చూడు. 30లలో అమెరికా పల్లెల్లో కౌలు రైతుల్ని తీసినాయన. ముసలితనంలో, ఒంట్లో బాగోక, తన దగ్గర మిగిలిన ప్రింట్లన్నీ, వేలల్లో, 1974లో జార్జ్ రైన్‌హార్ట్ అనే డీలరుకి ఒకేసారి ఇచ్చేశాడు. అక్కడ్నుంచి అవి లన్ చేతికొచ్చాయి. లన్ ఒక్కోదాని వెనక ముద్ర వేయించి, వరసగా లెక్క రాయించి, ఏళ్ల మీద నెమ్మదిగా వదిలాడు. ఇప్పటికీ వేలాల్లో ఎవాన్స్ ప్రింటు వెనక 'లన్ గ్యాలరీ' ముద్ర ఉందని గొప్పగా రాస్తారు. ఎవాన్స్ 1975లోనే పోయాడు. ఆ తరవాత పెరిగిన ధరంతా లాటు ఎవరి దగ్గరుందో వాళ్లది.

అందుకే గుణుపురం బాబూ, నీ దగ్గరికి వచ్చినాయన మంచోడా చెడ్డోడా అన్నది కాదు. లాటు అనే మాటే ఆ వ్యాపారానికి గుండెకాయ. లాటుగా కొంటేనే అతనికి గిట్టుబాటు, లాటుగా ఇస్తేనే నీకు నష్టం. అతను నిజంగా లన్ లాంటివాడైతే మీ నాన్నగారి పేరు పది చోట్ల వినిపించేలా చేస్తాడు, అది నువ్వు చెయ్యలేవు, నేనూ చెయ్యలేను. కాబట్టి తరిమెయ్యకు కూడా.

బరంపురం వకీలు:

కొంచెం చట్టం సంగతి చెప్తాను, ఎవరూ ఎత్తలేదు కాబట్టి.

మన కాపీరైట్ చట్టం 1957 నాటిది. ఫోటోకి కర్త ఫోటో తీసినవాడే. కానీ ఎవరైనా డబ్బిచ్చి తీయించుకుంటే, వేరే ఒప్పందం లేకపోతే, ఆ ఫోటో మీద తొలి హక్కు తీయించుకున్నవాళ్లది. అంటే స్టూడియోలో కూర్చుని తీయించుకున్న పెళ్లి ఫోటోలు, కుటుంబం ఫోటోలు నెగటివ్ మీ అటక మీద ఉన్నంత మాత్రాన మీవి కావు. అవి ఆ లాటులో కలిపి ఇచ్చేస్తే రేపు ఎవరో ఒకరు మా నాయనమ్మ బొమ్మ హైదరాబాద్‌లో హోటలు గోడ మీద ఎందుకుంది అని అడుగుతారు, అప్పుడు సమాధానం చెప్పాల్సింది మీరు. ముందు పెట్టెలు విడగొట్టండి, గిరాకీవి ఒక పక్క, నాన్నగారు సొంతంగా తీసినవి ఒక పక్క.

సొంతంగా తీసినవాటి హక్కు ఆయన వారసులందరిదీ. అక్కచెల్లెళ్లు, అన్నదమ్ములు, అమ్మగారు ఉంటే వాళ్లందరి సంతకాలూ కావాలి. 2012 సవరణ తరవాత ఫోటోలకి కూడా మిగతా రచనల్లాగే తీసినవారి జీవితకాలం, ఆ పైన 60 ఏళ్లు. కాబట్టి తొందరేం లేదు.

ఇంకొక ముఖ్యమైన పాయింటు. నెగటివ్ అనే వస్తువు అమ్మడం వేరు, కాపీరైట్ రాసివ్వడం వేరు. రెండోది రాతపూర్వకంగా, సంతకంతో ఉంటేనే చెల్లుతుంది. ఎన్నేళ్లకో రాయకపోతే చట్టం ప్రకారం అయిదేళ్లకే అనుకోవాలి, ఎక్కడెక్కడికో రాయకపోతే ఇండియా వరకే. మీ దగ్గరకి వచ్చినాయన తెచ్చే కాగితంలో 'శాశ్వతంగా, ప్రపంచమంతటా' అని ఉందో లేదో చూడండి. ఉంటుంది. అది కొట్టించి మాట్లాడండి. ఒడియాలోనో ఇంగ్లీషులోనో ఉంటే ఎవరికైనా చూపించకుండా సంతకం పెట్టొద్దు, నాకు పంపినా సరే, ఫీజు వద్దు.

రాయగడ పిల్ల, ప్రస్తుతం హైదరాబాద్:

చదువుతుంటే ఊరు గుర్తొచ్చి ఆగలేక రాస్తున్నా. నేను ఇక్కడ ఒక ప్రింట్ ల్యాబ్‌లో పనిచేస్తున్నాను, ఆర్టిస్టుల ఫోటోలు కాటన్ పేపరు మీద పిగ్మెంట్ ఇంకుతో తీసే పని. కాబట్టి వేరే వైపు నుంచి కొంచెం.

మన దేశంలో ఎవరూ లేరనడం కూడా సరికాదన్నా. రాజా దీన్ దయాళ్ ఆరో నిజాం కొలువులో ఫోటోగ్రాఫర్‌గా ఉండి సికింద్రాబాద్‌లో స్టూడియో నడిపారు, 1905లో పోయారు. ఆయన గాజు నెగటివ్‌లు రెండు వేల ఎనిమిది వందలకు పైగా 1989లో ఢిల్లీలో ఇందిరాగాంధీ కళాకేంద్రానికి చేరాయి. అవి ఆ ఇంట్లోవాళ్లు ఇన్నేళ్లు జాగ్రత్తపెట్టబట్టే మిగిలాయి కదా. నాటకాలాయన ఇబ్రహీం అల్కాజీ పాత భారతీయ ఫోటోలు వేలకు వేలు కొని ఒక పెద్ద సేకరణ నిలబెట్టారు. బెంగళూరులో తస్వీర్, ఢిల్లీలో ఫోటోఇంక్ లాంటి గ్యాలరీలు పనిగట్టుకుని ఫోటోలే అమ్మాయి. హైదరాబాద్‌లో 2015 నుంచి ఇండియన్ ఫోటో ఫెస్టివల్ జరుగుతోంది. కాకపోతే ఇదంతా పెద్ద ఊళ్ల సంగతి, గుణుపురం దాకా రాలేదు, అది ఒప్పుకుంటాను. ఇక్కడ కూడా కొనేవాళ్లు చాలా తక్కువ, ఫోటోనే కదా, ఫోన్లో మేమూ తీస్తాం అనేవాళ్లే ఎక్కువ.

గ్యాలరీ ద్వారా అమ్మితే మామూలుగా సగం వాళ్లకి పోతుంది. వినగానే కోపమొస్తుంది, నాకూ వచ్చింది. కానీ ఫ్రేములు, గోడ అద్దె, కరెంటు, కొనేవాళ్లని పిలిచి కూర్చోబెట్టి కథ చెప్పడం, ఏడాదికి ఒకటి అమ్ముడైనా ఓపిక పట్టడం, ఇవన్నీ చూశాక సగం అన్యాయం అనిపించదు. అన్యాయం ఏమిటంటే ఏదీ చెయ్యకుండా నెగటివ్‌తో సహా పట్టుకుపోవడం.

ఎడిషన్ అని వింటారు, అంటే ఈ ఫోటో ఈ సైజులో పదే తీస్తాం, ఇక తీయం అని మాటివ్వడం. ఆ మాట తప్పితే మార్కెట్లో మీ పేరు అక్కడితో సరి. నాన్నగారు లేరు కాబట్టి ఇప్పుడు తీసేవి ఆయన సంతకం లేని ప్రింట్లు, వాటి మీద మీరు 'వారసులు తీయించినవి' అని రాసి, ఏ ఏడాది తీశారో, ఎన్నోదో రాయాలి. వాటి ధర ఆయన కడిగినవాటి కన్నా తక్కువే ఉండాలి. పాత ప్రింట్లు ఇప్పుడే అమ్మకండి, ముందు కొత్తవి అమ్మి చూడండి.

ఒక మాట చెప్తాను, ఏమీ అనుకోకండి. చటికోన సంతలో డోంగ్రియా కొంధ్ ఆదివాసీలని తీసిన ఫోటోలే అతను ముందు అడుగుతాడు, చూస్తూ ఉండండి. జడలో దువ్వెనలు, ముక్కుకి రింగులు, అవే అమ్ముడవుతాయి. రైలు ఫోటో చూసి మురిసినట్టు నటించి ఉండొచ్చు కూడా. 2012లో టూరిస్టులు బోండా, డోంగ్రియా ఆదివాసీల ఊళ్లకి ఎగబడి ఫోటోలు తీయడం మీద ఒడిశా ప్రభుత్వం ఆంక్షలు పెట్టింది, అంత దాకా వచ్చింది వ్యవహారం. మీ నాన్నగారివి అంతకు చాలా ముందువి, ఆయన సంతలో నలుగురితో కూర్చుని తీసి ఉంటారు, అది వేరే. అయినా ఆ మొహాలు ఎక్కడో డ్రాయింగ్ రూముల్లో తగిలించుకోడానికి మనం ఒప్పుకోవాలా అన్నది డబ్బు కన్నా ముందు తేల్చుకోవాల్సిన సంగతి. నేనైతే ఆ పెట్టె పక్కన పెడతాను. రైలు, స్టేషను, వరద, ఇవి చాలు.

జయపురం నుంచి:

ఈ చివరి పేరాకి నా ఓటు. బోండాలు వచ్చే ఒణుకుడిల్లి గురువారం సంతకి ఒకసారి వెళ్లి చూడండి, ఇప్పటికీ పొడుగు లెన్సులు మెడలో వేసుకుని జీపుల్లో దిగుతారు. అరటిపళ్లు కొన్నట్టు మొహాలు కొంటారు.

గుణుపురం స్టూడియో:

ఇంతమంది ఇంత ఓపిగ్గా రాస్తారనుకోలేదు, చాలా థ్యాంక్స్. మాస్టారూ, ప్రింట్లు తిప్పి చూశాను. కొన్నిటి వెనక నాన్నగారి చేతిరాత ఉంది, ఏడాది, స్టేషను పేరు, కొన్నిటికి ఎక్స్‌పోజర్ కూడా. రైలువి దాదాపు అన్నిటికీ ఉన్నాయి. సంతవాటి వెనక ఏమీ లేదు, ఒకదాని మీద మాత్రం 'ఈమెకి కాపీ ఇవ్వాలి' అని ఉంది. ఇచ్చారో లేదో.

చెల్లి విజయనగరంలో ఉంటుంది, తనతో మాట్లాడాను. నెగటివ్‌లు కదలవు అని ఇద్దరం అనుకున్నాం. కొనడానికి వచ్చినాయనకి ఫోన్ చేసి, రైలు ఫోటోలు కొన్ని కొత్తగా తీయించి లెక్కపెట్టి ఇస్తాం, మీ షేరు మీరు తీసుకోండి, కాగితం మా వకీలుగారు రాస్తారు అని చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తరవాత, మరి సంత ఫోటోలు? అన్నాడు. రాయగడ చెల్లెమ్మ చెప్పినట్టే. అవి అమ్మకానికి లేవన్నాను. ఆలోచించి చెప్తానన్నాడు, ఇంకా చెప్పలేదు.

ఇప్పుడు నా టెన్షనంతా నెగటివ్‌ల మీదే. పెట్టె తీస్తే కొన్నిటి నుంచి పుల్లటి వాసన వస్తోంది, సిరకా (వెనిగర్) లాగ. కొన్నిటి మీద బూజు చుక్కలు. ఏం చెయ్యాలి?

రాయగడ పిల్ల, ప్రస్తుతం హైదరాబాద్:

అన్నా, పుల్లటి వాసన వచ్చేవి వెంటనే మిగతావాటి నుంచి వేరు చెయ్యండి, ఫిల్ము బేసు పాడవుతుంటే ఆ వాసన వస్తుంది, ఆ ఆవిరి పక్కవాటికి కూడా ఎక్కుతుంది. అది వెనక్కి తగ్గదు, కాబట్టి ముందు స్కాన్ చెయ్యాల్సింది అవే. వంకర తిరిగితే ఇక స్కానరు మీద చదునుగా కూర్చోవు. బూజున్నవాటిని తడిగుడ్డతో తుడవద్దు, ఎమల్షన్, అంటే బొమ్మ ఉండే పై పొర, ఊడొచ్చేస్తుంది. నీళ్లలో అసలు పెట్టొద్దు. ఆరిన చోట మెత్తటి బ్రష్‌తో పైపైన దులపండి, ముక్కుకి గుడ్డ కట్టుకుని.

ప్లాస్టిక్ కవర్లు, ముఖ్యంగా పాత పీవీసీ కవర్లు తీసేసి, యాసిడ్ లేని కాగితం కవర్లలో పెట్టండి, అవి నేను పంపగలను. అటక మీద మాత్రం వద్దు, రేకు కింద వేసవిలో ఉడికిపోతాయి. కింద గదిలో స్టీలు బీరువా, లోపల తేమ పీల్చే సిలికా జెల్, వర్షాకాలంలో అది మార్చుతూ ఉండాలి. ప్రతి కవరు మీదా నాన్నగారు రాసిందే ఎత్తి పెన్సిలుతో రాయండి, పెన్నుతో కాదు.

బరంపురం వకీలు:

'ఈమెకి కాపీ ఇవ్వాలి' అన్న ప్రింటు ఫోటో తీసి చటికోన వైపు ఎవరికైనా చూపించండి. మనిషి ఉండొచ్చు, లేకపోతే పిల్లలైనా ఉంటారు. కాగితం డ్రాఫ్ట్ ఆదివారం పంపుతాను.